భుజం మీద మిగిలిన చెయ్యి

ఈమధ్య ఒక పెళ్లిలో మా పాత పేపరాఫీసు పిల్లలు కలిశారు. నేను రిటైరయ్యాక డెస్కులో చేరినవాళ్లు. అందరం ఒక ఫొటో దిగాం. అందులో వెనక అడ్డంగా వంటాయన పడ్డాడు. ఒకమ్మాయి ఫోన్లో ఆయన చుట్టూ వేలితో గీసి నొక్కింది. వంటాయన పోయాడు. ఆయన వెనక ఉండాల్సిన అరటిబోదెలు వాటంతటవే వచ్చి నిలబడ్డాయి. "చూశారా మేడమ్, ఎంత నీట్‌గా పోయాడో" అని ఆ పిల్ల మురిసిపోతుంటే నాకు చేతిలోని ఐస్‌క్రీమ్ తినబుద్ధి కాలేదు. వెనక్కి తిరిగి చూశాను. వంటాయన అక్కడే ఉన్నాడు, గరిటె పట్టుకుని నా వంకే చూస్తున్నాడు. ఈమెకేం పుట్టిందిరా అనుకుని ఉంటాడు.

పెళ్లింట్లో చెప్పే మాట కాదని ఊరుకున్నాను. ఇప్పుడు చెబుతాను, కాస్త ఓపిగ్గా వినండి. డెస్కులో పనిచేసే పిల్లలు ఎవరూ చెప్పకుండానే నేర్చుకునే విద్య ఒకటుంది. దాని సంగతి ఇది.

కడపలో మా పత్రిక జిల్లా ఎడిషన్‌కు నేను డెస్కు ఇన్‌చార్జిని. నేను చేరినప్పుడు డెస్కులో ఆడమనిషి అంటే వింతగా చూసేవారు. ఇన్‌చార్జినయ్యే నాటికి నోరు బాగా పెంచుకున్నాను, కాబట్టి చూడటం మానేశారు. మండలాల నుంచి విలేకరులు వార్తలూ ఫొటోలూ వాట్సాప్‌లో పంపుతారు. మేము దిద్ది, శీర్షిక పెట్టి, పేజీలో వేయిస్తాం. అంతే మా పని. ఆ 'అంతే'లోనే అన్నీ ఉన్నాయి.

ఎర్రగుంట్ల దాటాక ఒక మండలం. పేరు అక్కర్లేదు. నాపరాయి గనులు, చెనిక్కాయ అని మేమనే వేరుశనగ చేలు, చొక్కా దులిపితే రాలే సిమెంటు దుమ్ము. ఆ మండలానికి కొత్త అధ్యక్షుడు వచ్చాడు. పత్రికలో మండలాధ్యక్షుడని రాస్తాం, జనం మాత్రం ప్రెసిడెంటు అనే అంటారు. పాతాయన ఓడిపోయి 'మాజీ' అయ్యాడు.

ప్రెసిడెంటు మారితే పేపరు ఎలా మారుతుందో బయటివాళ్లకు తెలియదు. ఎవరో పైన కూర్చుని హుకుం జారీ చేస్తారనుకుంటారు. అంత శ్రమ ఎవరూ పడరు. అది దానంతటదే మొదలవుతుంది. మా విలేకరి ఉదయం కొత్తాయన ఇంటి ముందు టీ తాగుతాడు, సాయంత్రం ఆయన వార్త పంపుతాడు. అంతకు ముందు వారం దాకా పాతాయన 'అన్నారు', 'హామీ ఇచ్చారు'. ఇప్పుడు ఆయన ఏం మాట్లాడినా 'ఆరోపించారు'. నిన్నటి దాకా ఎండిపోయిన కొళాయి మీద రాసిన వార్త రేపటి నుంచి త్వరలో రాబోయే నీళ్ల మీద రాస్తాం. కొళాయి అదే, ఎండ అదే. పాతాయన పేజీ పైనుంచి నడిమికి, నడిమి నుంచి అడుక్కి జారాడు. ఆ తర్వాత ఫొటోల్లో మిగిలాడు.

ఆయనకు పిలవకపోయినా అన్ని సభలకూ వెళ్లే అలవాటు. పదవిలో ఉన్నప్పుడు అది పని, పోయాక అలవాటు. మండలంలో ప్రతి మనిషినీ పేరు పెట్టి పిలవగలడు. మనిషి పొడగరి. ఫొటో తీస్తుంటే వెనక వరసలో నిలబడి, ముందున్నవాళ్ల భుజం మీద ఎడమ చెయ్యి వేస్తాడు. అది ఆయన పద్ధతి. చిన్నప్పుడు చెనిక్కాయల మిషన్లో పడి ఆ చేతి చిటికెన వేలు పై కణుపు పోయింది. ఆ పొట్టి వేలు భుజాల మీద ఎన్ని ఫొటోల్లో చూశానో.

ఒకరోజు మా పైఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. "ఆ మాజీ మన పేజీల్లో మరీ ఎక్కువగా కనిపిస్తున్నాడట కదమ్మా" అన్నారు. తీసెయ్యమనలేదు. నేనూ తీసెయ్యమనలేదు. పేజీలు పెట్టే అమ్మాయి దగ్గరికి వెళ్లి అదే మాట, అదే గొంతుతో చెప్పాను. ఆమెది బద్వేలు. మాట తక్కువ, పని చక్కన. సరే మేడమ్ అంది.

ఇది కొత్తదేమీ కాదు. పాతాయన కొత్తగా గెలిచినప్పుడు ఆయనకు ముందున్న ప్రెసిడెంటును కూడా ఇలాగే కోశాం, అప్పుడీయన మాకు ఆఫీసుకు దోసకాయలు పంపించాడు. కాకపోతే ఆ రోజుల్లో అంచున నిలబడినవాడు మాత్రమే పోయేవాడు. నడిమధ్యలో నిలబడినవాడి జోలికి వెళ్లలేకపోయేవాళ్లం. ఇప్పుడు నడిమధ్యలో ఉన్నవాడు కూడా పోతాడు, వెనక గోడ అతుకు లేకుండా వచ్చేస్తుంది. ఒక ఫొటోలో ఆయన పోయాక నేల మీద ఆయన నీడ ఉండిపోయింది. ఎవరూ లేని చోట నీడ. నేను చూసి చెబితే ఆ అమ్మాయి దాన్నీ తీసేసింది. ఇంకెప్పుడూ ఏదీ వదలలేదు.

అప్పటి నుంచి నాకు ఉదయం ఫోన్లు మొదలయ్యాయి. పేపరు చూసి ఆయనే చేసేవాడు.

"ఏం చెల్లెమ్మా, నిన్న నేను ఆడ ఉంటినా, లేదా?"

మొదట్లో ఎగతాళికే అడిగాడు. నేనూ తక్కువ తిన్నానా, "నాకేం తెల్సునన్నా, నీ కాళ్లు నువ్వే అడుగు" అన్నాను. పెద్దగా నవ్వాడు. కోపం లేని మనిషి, అదే వచ్చిన చిక్కు. తిట్టి ఉంటే నేనూ తిట్టి ఫోన్ పెట్టేసేదాన్ని. సభ జరిగిన మర్నాడల్లా అదే ప్రశ్న. కొన్ని నెలలు పోయాక అందులో నవ్వు తగ్గింది. ఆ తర్వాత నవ్వు లేదు. నిజంగానే తెలుసుకోవడానికి అడుగుతున్నట్టు అడిగి, నేను ఏదో గొణిగితే, సరేలేమ్మా అని పెట్టేసేవాడు.

ఒకసారి విలేకరుల మీటింగు ఉండి ఆ మండలానికి వెళ్లాను. బస్టాండు దగ్గర టీ అంగట్లో ఆయన కనిపించాడు. నన్ను చూసి లేచి బెంచీ మీద చోటిచ్చాడు. అంగడాయన ట్రే తీసుకొచ్చి నాకిచ్చాడు, మా విలేకరికిచ్చాడు, ఆ పక్కన ఇద్దరు లారీ డ్రైవర్లకిచ్చాడు, వెళ్లిపోయాడు. మా మధ్యలో కూర్చున్న ఆయనకు ఇవ్వలేదు. నేను పిలిచి గట్టిగా అడిగితే అంగడాయన కంగారుపడ్డాడు. చూసుకోలా అక్కా, సామి తోడు చూసుకోలా అన్నాడు. అబద్ధం చెబుతున్న మొహం కాదది. నిజంగానే చూసుకోలేదు. ఆయన మాత్రం చొక్కా జేబులో ఏదో వెతుక్కుంటూ కూర్చున్నాడు.

ఆ ఎండాకాలం చివర, మొదటి వానలు పడ్డాక, అక్కడొక ఊళ్లో మంచినీళ్ల ప్లాంటు తెరిచారు. దానికి శంకుస్థాపన చేసింది పాతాయన. తెరిచింది కొత్తాయన. మామూలే. మా విలేకరి సాయంత్రానికల్లా ఫొటో పంపాడు, ఆ అమ్మాయి తన పని చేసింది, నేను చూశాను, పేజీ వెళ్లింది. కొత్తాయన రిబ్బను కత్తిరిస్తున్నాడు, చుట్టూ జనం. 'భారీగా తరలివచ్చిన గ్రామస్తులు' అని నేనే రాశాను.

మర్నాడు ఫోన్ రాలేదు. మంచిదే, అలవాటు పడ్డాడు అనుకున్నాను. ఆ మర్నాడూ రాలేదు. ఇంట్లో కాఫీ తాగుతూ ఫోన్ వంక చూశాను. రాని ఫోన్ కోసం చూడటమేమిటని నన్ను నేనే తిట్టుకున్నాను.

మూడో రోజు ఉదయం ఆఫీసుకు వెళ్లేసరికి నా కుర్చీ పక్కన ఒకామె కూర్చుని ఉంది. నా వయసే ఉంటుంది. నేత చీర, చేతిలో మడత పెట్టిన మా పేపరు. ఆయన భార్య. నేను ఆమెను అంతకు ముందు చూడలేదు.

"మా ఆయప్ప నిన్ను చెల్లెలంటాండె. ఆ లెక్కన నువ్వు నా ఆడబిడ్డవు, అందుకే నీ కాడికొస్తి" అంది.

కథ చెప్పింది. ప్లాంటు కాడికి పోతానని ఆయన బస్సెక్కి పోయాడు. తిరిగి రాలేదు. ఫోన్ మోగడం లేదు. మనసు బాగాలేనప్పుడు ఎవరికీ చెప్పకుండా మంత్రాలయం పోయి, రెండు రోజులు స్వామి మఠంలో ఉండి వచ్చే అలవాటు ఆయనకు ఉంది, అందుకని మొదటి రోజు ఆమె కంగారుపడలేదు. రెండో రోజు స్టేషన్‌కు వెళ్లింది. ఎస్సై మంచిగానే మాట్లాడాడు, ప్లాంటు ఊరివాళ్లకు ఫోన్ చేసి కనుక్కున్నాడు. ఆయన అసలు సభకే రాలేదన్నారు. ఒకరు కాదు, అడిగినవాళ్లందరూ అదే. పేపర్లో చూడండి సార్, ఉంటే కనపడడా అన్నారట. ఎస్సై మా పేపరు తెప్పించుకుని చూశాడు. నిజమే, లేడు. ఆయన ఈ దిక్కుకే రాలేదమ్మా, తుంగభద్ర ఒడ్డున వెతికిస్తానని చెప్పి, మంత్రాలయం పోలీసులకు కబురు పెట్టాడు.

"ఆడ్నే వెతుకుతాండారు. కానీ ఇది చూడమ్మా" అని పేపరు నా బల్ల మీద పరిచింది.

ఫొటోలో కొత్తాయన పక్కన ఒక ముసలాయన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన వెనక తెల్లగా ప్లాంటు గోడ. ఆయన భుజం మీద ఒక చెయ్యి ఉంది. మణికట్టు దాకా ఉంది. దాని వెనక మనిషి లేడు. నాలుగు వేళ్లు పూర్తిగా ఉన్నాయి, చిటికెన వేలు పొట్టిది.

ఆ పేజీని నేను చూశాను. చూసే వేశాను. ఆ చెయ్యి నాకు కనపడలేదు. టీ అంగడాయన గుర్తొచ్చాడు.

"ముప్పై ఏండ్లు నా భుజం మీద ఉండిన చెయ్యమ్మా ఇది. నాకు తెలీదా?" అందామె. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

వెంటనే విలేకరికి ఫోన్ చేశాను. ఆయన వచ్చాడా అని అడిగాను. రాలేదు మేడమ్ అన్నాడు. ఫొటో తీసింది నువ్వే కదరా నాయనా అన్నాను. "వచ్చినట్టు లేదే మేడమ్" అన్నాడు నెమ్మదిగా. నాకు భయం వేసింది అతను దాస్తున్నందుకు కాదు. దాస్తున్నట్టు అనిపించనందుకు. అసలు ఫొటో ఉందా అంటే ఫోన్లో నిండిపోతే తీసేశానన్నాడు.

పేజీలు పెట్టే అమ్మాయి ఈ మాటలన్నీ వింటోంది. అడగకుండానే తన కంప్యూటర్లో ఒక బొమ్మ తెరిచి, కుర్చీ కొంచెం పక్కకు జరుపుకుంది.

ఆయన ఉన్నాడు. ముసలాయన వెనక, పొడుగ్గా, తెల్లచొక్కాతో. అందరూ రిబ్బను వంక చూస్తున్నారు. ఆయన ఒక్కడే కెమెరాలోకి చూస్తున్నాడు, తిన్నగా, నవ్వు మొహంతో. రేపు ఉదయం ఫోన్ చేసి ఏం అడగాలో ముందే అనుకున్నట్టుంది ఆ మొహం. ఆమె వంగి తెర మీద ఆయన చెంప దగ్గర వేలు పెట్టింది. ఈడ్నే ఉండావు కదయ్యా అంది, ఆయనతో.

ఎస్సైకి ఫొటో పంపాను. ఆయన మీటింగులో ఉన్నాడన్నారు. కూర్చుని ఎదురుచూసే ఓపిక నాకు లేదు. వదినా లే, పోదాం అన్నాను. అప్పటికి ఆమె నాకు వదిన అయిపోయింది. ఆఫీసు కారు అడిగితే సవాలక్ష ప్రశ్నలు, అందుకని అద్దె కారు మాట్లాడుకుని వెళ్లాం. దారిలో విలేకరిని ఎక్కించుకున్నాను. అసలు ఫొటో నా ఫోన్లో చూపించాను. చూసి పక్కకు తిరిగి కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చున్నాడు. ఎర్రగుంట్ల దాటాక, అవును మేడమ్, నా భుజం మీద కూడా చెయ్యేసినాడు ఆ పొద్దు అన్నాడు.

ఊరు మధ్యాహ్నం ఎండలో నిశ్శబ్దంగా ఉంది. ప్లాంటు దగ్గర బిందెల వరస ఉంది, మనుషులున్నారు, మమ్మల్ని చూసి మాటలు ఆపేశారు. ఫొటోలోని ముసలాయన తన ఇంటి అరుగు మీద ఉన్నాడు. గొర్రెల మనిషి. గొర్రెలన్నీ దొడ్లోనే ఉన్నాయి, అరుస్తున్నాయి. ఆ వేళప్పుడు గొర్రెలు దొడ్లో ఉండటమేమిటని నాకు తట్టలేదు. వదినకు తట్టింది, దొడ్డి వంక ఒకసారి చూసింది.

మా ఆయప్ప ఈడికి వచ్చినాడా అని అడిగింది. రాలేదమ్మా అన్నాడు ముసలాయన. నెమ్మదిగా, దయగానే అన్నాడు. లోపలికి పోయి పేపరు తెచ్చి చూపించాడు. తన ఫొటో పడింది కదా, దాచుకున్నాడు. నేను నా ఫోన్లో అసలు ఫొటో పెట్టి ఆయన చేతికిచ్చాను. దాన్ని దూరంగా పట్టుకుని చూశాడు, దగ్గరగా పట్టుకుని చూశాడు. తర్వాత తన కుడిచేత్తో తన భుజాన్ని తడుముకున్నాడు. అక్కడ ఇంకా ఏదైనా ఉందేమోనన్నట్టు తడుముకుంటూనే ఉన్నాడు.

"అయితే ఆ గొంతు..." అని ఆగిపోయాడు.

ఏ గొంతు పెద్దాయనా అన్నాను. అప్పటికి బిందెల దగ్గరి మనుషులు కూడా వచ్చి చుట్టూ నిలబడ్డారు.

"పాత గని తట్టునుంచి, అమ్మా. ప్లాంటు తెరిచిన రాత్రి మొదలాయె. గొంతు ఆయప్పదే, ఊరంతా గుర్తు పట్టినారు. ఆయప్ప ఈడికి రానేలేదు, మంత్రాలయం పోయినాడంటాండారు. మరి ఆ గొంతు యాడిది? ఆయప్పకేమన్నా అయ్యి, గాలి గిన తిరుగుతాందేమోనని శానా భయపడితిమి. గొర్రెల్ని గూడా అటు తోల్లే. పేర్లు పెట్టి పిలిచె. నన్ను పిలిచె, మా వాణ్ని పిలిచె, ఇంటింటికీ ఒకర్ని పిలిచె. గాలి అట్లా పిలిస్తే పలకగూడదు గదమ్మా. ఒక్కరం పలకలా."

అక్కడ నిలబడినవాళ్లెవరూ తల ఎత్తలేదు. ఒకామె, నన్ను రెండు తూర్లు పిలిచె అంది, మెల్లగా. వదిన అప్పటికే నడుస్తోంది.

పాత గని ఊరికి ఆనుకునే ఉంది. రాయి తీసి తీసి వదిలేసిన గుంత. నిలువు గోడలు మెట్లుమెట్లుగా దిగుతాయి, అడుగున వాన నీళ్లు పచ్చగా నిలిచి ఉన్నాయి. గట్టు మీద రాళ్లు పేర్చి ఉన్నాయి, ఎవరూ అటు పోకుండా వాటి మీద వేపమండలు పెట్టారు. అవి వాడిపోయి ఉన్నాయి. ఆ మండల్ని చూసి నేను అక్కడే ఆగిపోయాను. చదువుకున్నదాన్ని, నోరున్నదాన్ని, ఆ ఊరివాళ్ల కంటే నాకే ఎక్కువ భయం వేసింది. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు కూడా అడుగున ఉన్నది మనిషేనన్న నమ్మకం లేదు.

వదిన మండల్ని కాలితో తోసి గట్టు చివర నిలబడి ఆయన్ను పిలిచింది. మళ్లీ పిలిచింది. నా వెనక ముసలాయన చెవులు రెండూ మూసుకున్నాడు. కింద ఎక్కడో చిన్న రాయి నీళ్లలో పడిన చప్పుడైంది.

"ఎవరు?" అంది గొంతు. బాగా బొంగురుపోయి ఉంది.

వదిన గట్టు మీదే కూలబడింది. నీకేమీ కాలేదు, నేనే ఈడ ఉండా, నేనే ఉండా అని మాత్రం అంటూ ఉంది. ముసలాయన చెవుల మీద నుంచి చేతులు తీసి, తాళ్లు తేపోండ్రా అని అరిచాడు. ఆ తర్వాత ఆ ఊరివాళ్లు చేసిన పనికి వంక పెట్టలేను. మంచం, తాళ్లు, గని పని తెలిసిన మనుషులు, అన్నీ నిమిషాల్లో వచ్చాయి. తొడ ఎముక విరిగింది. నాపరాయి గట్టు మెట్టు మీద పడి ఉన్నాడు, చేతికందే దూరంలో నీళ్లుండబట్టి బతికాడు. ఆయన పక్కన ఒక నల్లరాతి పలక రెండు ముక్కలై పడి ఉంది. ప్లాంటుకు ఆయన శంకుస్థాపన చేసినప్పటి శిలాఫలకం. కొత్త పలక పెట్టేటప్పుడు దాన్ని పెరికి గుంతలో పారేశారు. తన పేరుందో లేదో చూసుకుందామని సభ అయ్యాక ఆయన అక్కడికి వచ్చాడు. వంగి చూస్తుంటే అంచు విరిగింది. ఫోన్ నీళ్లలో పడింది.

అంబులెన్సు వచ్చేలోపు కొత్త ప్రెసిడెంటు జీపులో వచ్చాడు. మనిషి మీద నాకేమీ కోపం లేదు. ఆయనా కంగారుపడ్డాడు, మంచానికి ఒక కొస తనే పట్టాడు. మా విలేకరి ఫొటో తీశాడు. సాయంత్రం ఆఫీసుకు చేరేసరికి వార్త నాకంటే ముందే వచ్చి ఉంది. 'మండలాధ్యక్షుని చొరవతో గని గుంతలో పడిన వ్యక్తికి ప్రాణరక్షణ.' వ్యక్తి! పైఆఫీసు నుంచి ఫోన్ కూడా వచ్చింది, మంచి మానవీయ కథనమమ్మా, బాగా వేయండి అని.

బాగానే వేశాను. ప్లాంటు సభ అసలు ఫొటో పేజీ పైన నాలుగు కాలమ్‌ల వెడల్పున పెట్టించాను, ఒక్క గోరు కూడా కోయకుండా. ఆ రోజు ఈయన ఆ సభలో ఉన్నారు, మేము ప్రచురించిన ఫొటోలో లేకపోవడం మా పని అని కింద రాశాను. ఇంతకంటే పెద్ద మాటలేవీ రాయలేదు, ఆ ఊరివాళ్లను ఒక్క మాట అనలేదు. అనడానికి నాకు మొహం ఏది? గొంతు వినపడినా మనిషి లేడని నమ్మించింది నేను. వాళ్లు నమ్మారు. అంతే తేడా.

ఆ చెయ్యి ఎలా మిగిలిపోయిందని పేజీలు పెట్టే అమ్మాయిని తర్వాత అడిగాను. నీడను కూడా వదలని పిల్ల. మరిచిపోయినా మేడమ్ అంది, తెర మీద నుంచి కళ్లు తిప్పకుండా. నేను మళ్లీ అడగలేదు. ఆ రోజు ఆమె పని పొరపాటు లేకుండా చేసి ఉంటే ఆయన ఆ గుంతలోనే పోయేవాడు, ఊరు ఆ గొంతును దయ్యమనే చెప్పుకునేది, దానికి మా పేపరే సాక్ష్యంగా కూడా ఉండేది. మేము ఎంత బాగా పనిచేస్తున్నామో అని మురిసిపోయే పిల్లలకు నేను చెప్పదలచుకున్నది ఇదే.

వారం తిరగకుండా నన్ను కర్నూలు డెస్కుకు మార్చారు. శిక్ష అని ఎవరూ అనలేదు, మా సంస్థలో ఎవరూ ఏదీ అనరు కదా. రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను. కడప వదిలి వెళ్లే రోజు, బస్సుకు ముందు పెద్దాసుపత్రికి వెళ్లాను. ఆయన కాలికి బరువులు కట్టి పడుకోబెట్టారు. సగమైపోయాడు. వదిన నన్ను చూసి లేచి, ఫ్లాస్కు తీసుకుని టీకి వెళ్లింది.

ఆయన పైన తిరుగుతున్న ఫ్యాను వంక చూస్తూ మొదలుపెట్టాడు.

"పగలు గట్టు మీదికి వచ్చినారమ్మా. రాళ్లు పేర్చినారు, మండలు పెట్టినారు. నాకు కనపడతానే ఉండారు. పేర్లు పెట్టి పిలిస్తి. నా పిలుపు వింటాండారు, వాళ్ల మొహాలు చూస్తే తెలుస్తాంది. ఒక్కరూ పలకలా. అప్పుడనుకుంటి. నేను ఈడికి రాలేదేమోనని."

ఆయన నా వైపు తిరిగాడు. ఎగతాళి లేదు, కోపం లేదు. ఉదయం ఫోన్లో అడిగే గొంతే.

"వచ్చినా గదా చెల్లెమ్మా?"

"వచ్చినావన్నా."

"నువ్వు చూసినావా?"

"చూసినా. ఫొటోలో చూసినా" అన్నాను. చూసే తీయించానని కూడా చెప్పాను. ఆయన తల ఊపాడు. అది తనకు తెలిసిన విషయమే, దాని గురించి ఆయన అడగడం లేదు. మంచం మీద నుంచి ఎడమ చెయ్యి మెల్లగా ఎత్తి నా భుజం మీద వేశాడు. బరువు లేదు ఆ చేతికి. పొట్టి వేలు నా మెడ పక్కన తగిలింది, చల్లగా.

"తెలుస్తాందా?" అన్నాడు.

"తెలుస్తాందన్నా" అన్నాను. ఆయన చెయ్యి తీయలేదు. వదిన టీ తెచ్చేదాకా నేనూ కదలలేదు.